తలపాగాను అడిగిన మాటలు

మా వాళ్ళ పెళ్ళిళ్ళలో తాళి కట్టిన వెంటనే పెద్దవాళ్ళు తల మీద అక్షింతలు వేసి ఒక్కటే మాట అంటారు: "అమ్మ, అయ్య మాదిరి ఉండండి." ఈ అమ్మ, అయ్య కన్నవాళ్ళు కారు. తమిళనాడులో ఒట్టపిడారం దాటాక నల్లరేగడి చేల నడుమ, తుమ్మచెట్ల కింద, రెండు రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి మనిషి ఎత్తు, రెండోది నడుము దాకా వస్తుంది. పెద్ద రాయి అయ్య, చిన్న రాయి అమ్మ. మా వంశానికి వాళ్ళే దేవుళ్ళు. ఏటా మాసి నెలలో, అంటే శివరాత్రి వచ్చే నెలలో, ఒక ఆదివారం ఆ రాళ్ళ ముందు వాళ్ళ కథను నాటకంగా ఆడతారు. నాటకం చివర ఇద్దరూ చనిపోతారు. మొగుడూ పెళ్ళాల ప్రేమ అంటే అలా ఉండాలని నేను పలక పట్టక ముందే నాకు నేర్పారు.

వాళ్ళ మధ్య ఉన్నది ప్రేమేనా అని అడగాలని నాకు ఇరవై రెండేళ్ళ పాటు తోచలేదు. తోచిన రోజు నుంచి నా కోపం చల్లారలేదు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు, అందుకే రాస్తున్నాను.

ముందు కథ. అయ్య ఒక పాళెగాడి దండులో వీరుడు. పక్క పాళెం దొర దగ్గరికి ఒక కబురు మోసుకుపోవాలి. పోయినవాడు అటే కలిసిపోతాడేమోనని పాళెగాడికి అనుమానం. అప్పుడు అయ్య నిండు కొలువులో తలపాగా తీసి పాళెగాడి పాదాల ముందు పెట్టి ప్రమాణం చేస్తాడు. పున్నమి లోపల తను తిరిగి రాకపోతే తన ఆలు నిప్పుల్లో దిగుతుందని. ఇక్కడ డప్పులు మోగుతాయి, జనం ఈలలు వేస్తారు. అయ్య బయలుదేరుతాడు. దారిలో ఏరు పొంగుతుంది. పున్నమి దాటిపోతుంది. పాళెగాడి మనుషులు ఆ తలపాగాను తెచ్చి అమ్మ వాకిట్లో పెడతారు. అమ్మ పట్టుచీర కట్టుకుని, తలపాగాను గుండెకు హత్తుకుని, నిప్పుల్లోకి నడుస్తుంది. మర్నాడు పొద్దున అయ్య వచ్చి, బూడిద చూసి, తనూ దూకుతాడు. డప్పులు ఆగుతాయి. కొబ్బరికాయలు కొడతారు, భోజనాలకు ఆకులు వేస్తారు. ఒకప్పుడు రాత్రంతా ఆడేవారట. రాత్రిపూట మైకుకు అనుమతి దొరకడం కష్టమయ్యాక పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగిస్తున్నారు.

మా ఇల్లు కోవిల్‌పట్టిలో. పక్క వాటాలో పెదనాయన వాళ్ళు. పెదనాయన కూతురే నాకు అక్కయ్య, నాకు ఇంకో అక్క లేదు. నాలుగేళ్ళ కిందట ఆమెను విరుదునగర్‌లో మిరపకాయల మండీ నడిపే బావకు ఇచ్చారు. అక్కయ్య ఫార్మసీ చదివింది. పెళ్ళయ్యాక అక్కడే, స్టేషన్ ఎదురుగా ఉన్న ఒక మందుల షాపులో పనికి చేరింది. పోయిన ఐప్పసిలో, దీపావళి నెలలో, వానలు పడుతున్న ఒక సోమవారం ఆమె షాపుకు వెళ్తే, ఆమె స్టూలు మీద ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. "మీ ఆయన ఫోన్ చేసినారు కదమ్మా, ఇక మీరు రారని" అన్నాడట ఓనరు, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. అంతకు రెండు రోజుల ముందు కాళ్ళు లాగుతున్నాయని అక్కయ్య ఇంట్లో ఒకసారి అంది. బావ విన్నాడు, ఫోన్ చేశాడు. ఆమెకు ఒక మాట చెప్పాలని ఆయనకు తోచలేదు.

అక్కయ్య ఆ షాపు మెట్లు దిగి ఇంటికి పోలేదు. రోడ్డు దాటి స్టేషన్‌లోకి పోయి, కోవిల్‌పట్టి రైలెక్కి పుట్టింటికి వచ్చేసింది. చేతిసంచి, తడిసిన గొడుగు తప్ప ఏమీ తేలేదు.

ఇంట్లో ఎవరికీ ఇది తగాదాలా కనబడలేదు. అవ్వ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని వరసగా అడిగింది.

"కొట్టినాడా?"

"లేదు అవ్వా."

"తాగి వచ్చినాడా?"

"లేదు."

"ఇంకో ఆడది ఏమన్నా...?"

"అయ్యో, లేదు."

"మరి ఏంటికే వచ్చినావు?"

"నన్ను అడగలా అవ్వా."

"ఏమి అడగలా?"

"ఏదీ అడగలా."

అవ్వ, "కాళ్ళు నొప్పి అంటే వేలకు పోవద్దన్నాడు. ప్రేమ ఉండేవాడు దా అట్లా చేస్తాడు. ఇది కూడా తప్పా?" అని లేచి కూరగాయల తట్ట దగ్గరికి పోయింది.

వేల అంటే మా మాటలో ఉద్యోగం, దా అంటే నొక్కి చెప్పడం. అవ్వకు అది ఎండలో చేసే పత్తిచేని పని లాంటిదే. మానమన్నవాడు మంచివాడు.

బావ ప్రతి శనివారం రావడం మొదలుపెట్టాడు. వచ్చేటప్పుడు విరుదునగర్ నుంచి నూనె పరోటాలు తెచ్చేవాడు. పెనం నిండా నూనె పోసి కరకరలాడేలా వేయించిన పరోటాలు, అరటాకులో చుట్టి, పైన పేపరు, ఆ పైన దారం. ఆ పేపరు విప్పేసరికి నూనెకు అద్దంలా అయిపోయేది. అక్కయ్యకు నూనె పదార్థం పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళయిన కొత్తలో మొహమాటానికి ఒకసారి బాగుందని చెప్పిందట. అంతే, నాలుగేళ్ళుగా వారం వారం పరోటా. వారం వారం ఆమె తిని, షాపు నుంచి తెచ్చుకున్న మాత్ర వేసుకునేది. ఇక్కడికి వచ్చాక తినడం మానేసింది. పెదనాయన తినేవారు.

"చూడు, వానలో కూడా వచ్చినాడు. ఎంత ప్రేమో చూడు" అనేవారు, వేళ్ళు నాకుతూ.

పెదనాయన ఆ రాళ్ళ గుడికి పెద్దల్లో ఒకరు. నాటకం చివర, అయ్య నిప్పుల్లో దూకిన తర్వాత, వంశంలోని ఒక జంట చెరొక దీపం పట్టుకుని రాళ్ళ ముందు నిలబడాలి. అలా దీపం పట్టిన జంట మళ్ళీ వేరు కాకూడదు. కాలేదు కూడా, అంటారు. సంక్రాంతి వెళ్ళాక, తై నెలలో ఒక సాయంత్రం పెదనాయన కాఫీ తాగుతూ, ఈ ఏడు దీపాలు మన అమ్మాయీ అల్లుడూ పడతారని ప్రకటించారు. అక్కయ్య అక్కడే నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. ఆమె చేతిలో ఒక కాయ కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని కూడా ఒలిచింది.

నాకు ఆ రోజే ఇంకో పని అప్పగించారు. నాటకం రాసి ఉన్న నోటుపుస్తకం పాతబడి కాగితాలు పొడిపొడిగా రాలుతున్నాయి. "నీ రాత బాగుంటాది పాపా. కొత్త నోటులో రాసి ఇయ్యి" అన్నారు పెదనాయన. తెర వెనక కూర్చుని అడుగులు అందించే ముసలాయనకు కంట్లో పొర వచ్చింది కాబట్టి ఆ పని కూడా నాదే. అడుగు అందించడమంటే, నటుడు మరిచిపోయినప్పుడు తర్వాతి చరణం మొదటి మాట మెల్లగా చదవడం. తెర వెనకే కదా అని ఒప్పుకున్నాను. తెర ముందైతే చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ నోటుపుస్తకంలో మాటలు తెలుగు, అక్షరాలు అరవం. మా వైపు తెలుగు ఇంటిలోపల మాట్లాడుకోవడానికే. గడప దాటితే అరవమే. తెలుగు చదవడం, రాయడం ఎవరికీ రాదు. నేను మాత్రం ఎనిమిదో తరగతి సెలవుల్లో ఫోనులో చూసి అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత పుస్తకాలు తెప్పించుకుని, కాలేజీ పుస్తకాల మధ్య పెట్టుకుని చదివాను. నా డైరీ తెలుగులోనే రాస్తాను. మా ఇంట్లో దానికి తాళం అక్కర్లేదు.

రోజూ విరుదునగర్‌లో కాలేజీకి రైల్లో పోయి వస్తాను. ఆ నోటుపుస్తకం రైల్లోనే రాశాను. సాత్తూర్ దాటిన తర్వాత, కిటికీ పక్కన, తలపాగాను వాకిట్లో పెట్టే ఘట్టం ముగించి పేజీ తిప్పాను. పట్టుచీర పాట వస్తుందనుకున్నాను. రాలేదు. నేను ఎన్నడూ వినని నాలుగు పేజీలు వచ్చాయి.

పుట్టినప్పటి నుంచి ఆ నాటకం చూస్తున్నాను. మొదట్లో అవ్వ ఒడిలో, తర్వాత చాప మీద. ఈ నాలుగు పేజీలు ఒక్కసారి కూడా వినలేదు. అందులో అమ్మ ఆ తలపాగాను ఒక పీట మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, దాన్ని మనిషిని అడిగినట్టు అడుగుతుంది. పొద్దున నీకు సద్ది కట్టి ఇచ్చింది నేనే కదా, అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? కొలువులో నూరుమంది విన్న మాట, ఆ మాట ఎవరి ప్రాణమో వాళ్ళకు తెలియకుండా ఎట్లా పోయింది? గుర్రం నీదే, దాన్ని ఎందుకు ఒడ్డలేదు? కత్తి నీదే, దాన్ని ఎందుకు ఒడ్డలేదు? వాటిని ఒడ్డడానికి మనసు రాలేదా? నేను దిగనంటే ఏమవుతుంది? అప్పుడు ఆమె వాకిలి వైపు చూస్తుంది. ఊరంతా నిలబడి ఉంది. వీళ్ళు ఇళ్ళకు పోరు, అంటుంది. ఆ మాట తర్వాతే పట్టుచీర.

నా పెన్ను ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆమె తలపాగాను గుండెకు హత్తుకుంటే ప్రేమ అని మాకు చెప్పారు. ఆమె దానితో పోట్లాడిన సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చి అవ్వను అడిగాను.

"ఆ పాట్టా? మీ నాయన పెండ్లికి ముందు ఉండె. ఇప్పుడు పాడరు."

"ఏంటికి పాడరు అవ్వా?"

"నాకేమి తెలుసు? టైలరును అడుగు."

కోవిల్‌పట్టి బస్టాండు వెనక సందులో బ్లౌజులు కుట్టే టైలరు మామ ఇరవై అయిదేళ్ళుగా అమ్మ వేషం కడుతున్నాడు. బట్టతల, పొట్ట, పెద్ద మీసం. నాటకం నాటి పొద్దున మీసం గీసుకుంటాడు, ఆ తర్వాత నెల రోజులు ఆయన పెళ్ళాం ఆయన్ను చూసి నవ్వుతుంది. నేను నోటుపుస్తకం చూపిస్తే మిషను ఆపి, కళ్ళజోడు పైకి జరుపుకుని చదివాడు.

"అట్రా! ఇది మా నాయన పాడుతుండె పాపా."

"మరి మీరు ఏంటికి పాడరు మామా?"

"నాకు టైము యాడ ఉండాది? నూలు చీర విప్పాల, జరీ చీర కట్టాల, విగ్గు సరి చేసుకోవాల, పూలు పెట్టుకోవాల. పది నిమిషాలు పట్టాది. మా నాయన దినాల్లో ఒకే చీర. నేను వేషం కట్టినప్పుడు దా ఊరంతా చేరి జరీ చీర తీసి ఇచ్చినారు. జనం రొంబ ఇష్టపడిరి. ఆ పది నిమిషాలు సుమ్మా, ఊరికే డప్పు కొడతారు. ఈ పాట్టు పాడితే నేను చీర ఎప్పుడు కట్టేది చెప్పు?"

ఎవరో ఒక పెద్దమనిషి భయపడి ఆ పేజీలు ఆపించి ఉంటాడని నేను అనుకున్నాను. వాడి మీద కోపం పెంచుకుంటూ మూడు రోజులు గడిపాను. వాడు లేనే లేడు. ఒక జరీ చీర కోసం, మొగవాడు విగ్గు సర్దుకోవడం కోసం, ఆమె నోరు మూతపడింది. ఇన్నేళ్ళలో ఒక్కరికి కూడా అక్కడ ఏదో తక్కువైందని అనిపించలేదు. నాకు నిజంగా ఒళ్ళు మండింది ఇందుకు.

"మామా," అన్నాను, ఎలా అన్నానో, "వాళ్ళకు ప్రేమ ఉండెనా?"

మామ సుద్దముక్కను చేతిలో తిప్పుతూ ఆలోచించాడు. నవ్వలేదు.

"అయ్యకు ఏమో నాకు తెలీదు. నేను ఇరవై అయిదు తూర్లు నిప్పులో దిగినా. ఒక్క తూరి కూడా మొగుడు గుర్తుకు రాలా. ఎదురుగా జనం కూర్చోని చూస్తాండారు, దిగకుండా ఎట్లా ఇంటికి పోయేది అనిట్టు దిగినా."

ఆ తర్వాతి వారం పెదనాయన నన్ను కాలేజీ నుంచి వచ్చే దారిలో బావ మండీకి పోయి, ఆదివారం ఎనిమిదింటికల్లా గుడి దగ్గర ఉండమని చెప్పి రమ్మన్నారు. ఫోనులో చెప్పవచ్చు. ఇంటి మనిషి పోయి చెప్తే మర్యాద. మండీలో మిరపకాయ బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. లోపల అడుగు పెట్టగానే వరసగా ఆరు తుమ్ములు వచ్చాయి.

"ఏం మరదలా, మా మండీకి వస్తే ఇదే మేళతాళం" అని నవ్వి బావ టీ తెప్పించాడు. ఆయన మంచివాడు. ఇది రాయకపోతే అబద్ధం అవుతుంది. టీ గ్లాసు వేడిగా ఉందని తన తువ్వాలు చుట్టి నా చేతికి ఇచ్చాడు. "అక్కయ్యకు కాళ్ళు ఎట్లా ఉండాయి? నిలబడి నిలబడి దా ఆ నొప్పి. నేను ఇంకా ముందే మానిపించి ఉండాల. నా తప్పు దా."

తప్పు ఒప్పుకున్నాడు కూడా. ఏ తప్పు!

నేను గ్లాసు వైపు చూస్తూ అన్నాను, "ఆమెను అడిగినారా బావా?"

"అడిగేదానికి ఏముండాది? ఆమె సంగతి నాకు తెలీదా?"

ఆయన కళ్ళలో ఏ వంకరా లేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. వంకర ఉంటే అక్కయ్య పని సులువు అయ్యేది. అవ్వ అడిగిన మూడు ప్రశ్నల్లో దేనికైనా అవునని చెప్పగలిగితే ఇంట్లో అందరూ ఆమె వైపు నిలబడేవారు. ప్రేమగా ఆమె స్టూలును ఇంకొకరికి ఇచ్చేశాడని చెప్తే ఎవరు వింటారు?

మర్నాడు మేడ మీద బట్టలు ఆరేస్తున్న అక్కయ్యకు ఆ నాలుగు పేజీలు చదివి వినిపించాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. తడి దిండు గలీబును దులిపి తీగ మీద వేస్తూ అడిగింది.

"తలపాగా ఏమి చెప్పె?"

"ఏమీ చెప్పలా అక్కయ్యా. తలపాగా కదా."

"ఊఁ." క్లిప్పు పెట్టింది. "నాలుగేండ్లుగా నాకు కూడా ఏమీ చెప్పలా."

తర్వాత మిగిలిన బట్టలు ఇద్దరం ఆరేశాం. కిందికి దిగేటప్పుడు ఆమె అంది, "దీపం పట్టినంక తిరిగి రాలేను పాపా. ఇంక ఆ ఇంటిలో ఏమి జరిగినా నాయన నన్ను ఈ ఇంట్లోకి విడవడు. దేవుని ముందు పట్టినావు కదా అంటాడు." ఆమెకు ఉన్న భయమంతా అదే.

నాటకం నాడు పొద్దున చేల మీద ఇంకా మంచు ఉంది. నాలుగు వ్యానుల్లో జనం దిగారు. పెదనాయన కొత్త పంచె కట్టి అందరినీ పలకరిస్తున్నారు. బావ ఎనిమిదికి ముందే వచ్చాడు, చేతిలో పొట్లం. అక్కయ్య ఆడవాళ్ళ చాప మీద అవ్వ పక్కన కూర్చుంది. నేను తెర వెనక ఒక డబ్బా మీద కూర్చుని ఒళ్ళో నోటుపుస్తకం తెరిచాను. టైలరు మామ మీసం లేకుండా, నూలు చీరలో, నా వైపు చూసి కన్ను గీటాడు. అప్పటికి ఆయన ఏం అనుకుంటున్నాడో నాకు తెలియదు.

ప్రమాణం అయింది, ఈలలు పడ్డాయి. ఏరు పొంగింది. తలపాగా వాకిట్లోకి వచ్చింది. డప్పులవాళ్ళు పుల్లలు ఎత్తారు. మామ చీర మార్చుకోవడానికి తెర వెనక్కి రావాలి. రాలేదు. పీట లాక్కుని, తలపాగాను దాని మీద పెట్టి, ఎదురుగా చతికిలబడ్డాడు. డప్పులవాళ్ళకు చెయ్యి చూపించి ఆపాడు. అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు.

"అడుగు అందియ్యి పాపా. నాకు మరిచిపోయినాది."

మైకు ఆ మాటను కూడా పట్టేసింది. జనం నవ్వారు. చదవకపోతే ఆయన లేచి వచ్చి చీర కట్టుకుంటాడు, డప్పులు మోగుతాయి, అక్కయ్య దీపం పడుతుంది. చదివాను. మొదటి మాట నాకే వినబడలేదు. రెండోసారి చదివాను. మామ అందుకున్నాడు.

వాళ్ళ నాయన బాణీ కాబోలు, ఆ పాటకు రాగం పెద్దగా లేదు. ఇంట్లో కూర్చుని అడిగినట్టే ఉంది. గుర్రం మాట వచ్చినప్పుడు ముందు వరసలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. పెదనాయన విసవిసా తెర వెనక్కి వచ్చారు.

"ఏమిది? ఇది నాటకంలో లేదే! ఎవరు రాసింది?"

"ఉంది పెదనాయనా. పాత నోటులో ఉంది. మీరిచ్చిన నోటు." ఆయనతో నేను అంత పెద్ద మాట అంతవరకు ఆడలేదు. ఆయన నోటుపుస్తకం లాక్కోబోయారు. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకుని తర్వాతి అడుగు చదివాను. బయట మైకులో మామ గొంతు, వీళ్ళు ఇళ్ళకు పోరు, అంది.

ఆయన ఆ మాట అంటూ జనం వైపే చూశాడు. ఒక్క నిమిషం తుమ్మచెట్ల కింద చప్పుడు లేదు.

మామ నూలు చీరలోనే నిప్పుల్లోకి నడిచాడు. నిప్పులంటే ఇద్దరు పట్టుకుని ఊపే ఎర్ర గుడ్డ.

తెర పక్క నుంచి చూస్తున్న నాకు ఆ నిశ్శబ్దం చూసి గొప్ప ఆశ పుట్టింది. అంతలోనే ఒకాయన గట్టిగా అన్నాడు, "చూసినావా, మొగుని మింద ఎంత ప్రేమ ఉంటే ఇట్లా కోపించుకుంటాది!" అందరూ తలలూపారు. ఇంకొకామె, జరీ చీర ఏమైంది, ఈ ఏడు చూడనే లేదు, అంది. బావ తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. నిజంగా ఏడుస్తున్నాడు. ఆయన ఎవరి కోసం ఏడ్చాడో నాకు తెలుసు. ఏటికి అవతల చిక్కుకుపోయిన అయ్య కోసం. ఆ నాలుగు పేజీలు నిప్పు కణికల్లా ఉంటాయని నేను అనుకుంటే, వీళ్ళు వాటిని కూడా చల్లగా మింగేశారు. ఆడదాని కోపం కూడా మొగుడి గొప్పే వీళ్ళకు!

కొబ్బరికాయలు కొట్టారు. పెదనాయన రెండు దీపాలు వెలిగించి, బావకు ఒకటి ఇచ్చి, రెండోది అక్కయ్య వైపు చాచారు. ఆమె లేచి వచ్చింది. దీపం తీసుకుంది. కానీ ఆమె రాళ్ళ వైపు తిరగలేదు, బావ వైపు తిరిగింది.

"పట్టుకునేదానికి ముందర నన్ను ఒక మాట అడగండి" అంది.

బావ తికమకపడ్డాడు. "ఏమి అడగాల?"

"ఏదో ఒకటి."

ఆయన నిజంగా ఆలోచించాడు. నుదురు ముడిపడింది. పెదనాయనను చూశాడు, రాళ్ళను చూశాడు. చివరికి, "నువ్వే చెప్పు, ఏమి అడగాలో" అన్నాడు.

"అది మీకు తెలిసినప్పుడు పడతా" అని అక్కయ్య దీపాన్ని వంగి చిన్న రాయి ముందు నేల మీద పెట్టేసి, వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

పెదనాయన మొహం నల్లబడింది. దీపం నేల మీద ఉండకూడదు, జంట చేతుల్లోనే ఉండాలి. అప్పుడు టైలరు మామ విగ్గు సర్దుకుంటూ ముందుకు వచ్చి ఆ దీపం అందుకున్నాడు. అయ్య వేషం కట్టిన వడ్రంగి మామను చూసి, "రావయ్యా, ఇన్నేండ్లుగా నువ్వే కదా నా మొగుడు. వేషమైతే ఏమి, జంట జంటే దా" అన్నాడు. జనమంతా ఒక్కసారి నవ్వారు. మామ పెళ్ళాం, "అయితే ఇంక ఆయన ఇంటికే పో!" అని అరిచింది. ఆ నవ్వుల్లో పూజ ముగిసిపోయింది. ఆ ఇద్దరు మామలూ ఇంక ఎన్నటికీ వేరు కాకూడదు.

పెదనాయన నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. అక్కయ్యతో నెల. ఆ నెలలోనే ఆమె పాత షాపు ఓనరుకు తనే ఫోన్ చేసింది. స్టూలు ఖాళీ లేదు కానీ, బజారులో తన తమ్ముడి షాపుకు ఫార్మసిస్టు కావాలన్నాడు. ఇప్పుడు పొద్దున రైలుకు ఇద్దరం కలిసి పోతాం. ఇల్లు కోవిల్‌పట్టిలోనే. దీపం మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె పట్టలేదు కాబట్టి ఆమెను పంపించడానికి వాళ్ళ దగ్గర ఏ మాటా లేదు.

బావ శనివారాలు రావడం మానలేదు, కాకపోతే ఇంటికి కాదు. సాయంత్రం విరుదునగర్ ప్లాట్‌ఫారం మీదికి వస్తాడు, పొట్లంతో. అక్కయ్య తీసుకుని పెదనాయనకు ఇచ్చేది. పోయిన శనివారం పొట్లం ఆమె చేతిలో పెట్టి, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, "ఇది నీకు ఇష్టమేనా?" అన్నాడు.

"లేదు" అంది అక్కయ్య. "కడుపులో మంట."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

ఆయన మొహంలో రంగు పోయింది. ఇంకేదో అడగబోయాడు. రైలు కదిలింది. అక్కయ్య కిటికీలోంచి పొట్లాన్ని ఆయన చేతికి తిరిగి ఇచ్చేసింది.

నాలుగేళ్ళకు రెండు ప్రశ్నలు. దీన్ని ప్రేమ అనమని నన్ను ఎవరూ అడగకండి, నేను అనను. నిన్న కోవిల్‌పట్టిలో ఒక పెళ్ళికి వెళ్ళాం. తాళి కట్టగానే పెద్దవాళ్ళు మళ్ళీ అదే మాట అన్నారు, అమ్మ, అయ్య మాదిరి ఉండండి అని. అక్షింతలు నా చేతిలో ఉన్నాయి. నేను వేయలేదు. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది, పక్కన పీట మీద పెళ్ళికొడుకు తలపాగా తీసి పెట్టాడు. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.